తువ్వాలు కొసన అమావాస్య ముడి

మా వార్డు పెద్దాయన పోయారు. పోయిన సోమవారం మధ్యాహ్నం బాగేపల్లి నుంచి వచ్చే బస్సు కండక్టరు చింతామణిలో నా వైద్యశాల ముందు దిగి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "పెద్దాయప్ప పోయినాడు డాక్టరప్పా. తెల్లారి సంగటి తిని, చెయ్యి కడుక్కోని, గోడకానుకోని కూకున్నాడంట. అంతే."

నా ముందు ఇంకా ముగ్గురు రోగులు ఉన్నారు. వాళ్ళను చూసి పంపాను. ఎవరికి ఏం మందు రాశానో సాయంత్రం కాంపౌండరును అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

ఆయన డాక్టరు కాదు. బెంగళూరులో మనసు చెదిరినవాళ్ళను ఉంచే ఆసుపత్రిలో, మగవాళ్ళ వార్డులో అటెండరుగా ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఉద్యోగం ముగిశాక బాగేపల్లి పక్కన తన ఊరికి వచ్చేశారు. నన్ను పరీక్షలో పాసు చేయించింది మా ప్రొఫెసర్లే. రోగి ఎదుట కూర్చోవడం నేర్పింది మాత్రం ఈయన. ఈ మాట ఎక్కడైనా చెబుతాను, నాకేం సిగ్గు లేదు.

మా అక్క కూతురు ఇప్పుడు డాక్టరు చదువులో ఉంది. వచ్చే నెల నుంచి ఆరు వారాలు అదే ఆసుపత్రికి పోవాలి. "అక్కడ ఏముంటుంది మామా? ఏం చదువుకోని పోవాల?" అని రెండు నెలలుగా అడుగుతోంది. నేను చెప్పడమెందుకు, ఆయన్నే అడుగుదువు, బాగేపల్లికి తీసుకుపోతా అన్నాను. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ గడిపేశాను. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఈ కాగితం పట్టుకున్నాను. ఆమెలాగే భయపడుతూ ఆ గేటు దాటబోయే పిల్లలు ఇంకా ఉంటారు గనుక అందరి కోసమూ రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. మేం నలుగురం విద్యార్థులం. ఇస్త్రీ కోట్లు, జేబులో పెన్నులు. అరుపులూ, గొలుసులూ, మీద పడి కొట్టేవాళ్ళూ ఉంటారనుకున్నాం. తీరా పోతే ఒకాయన వాకిలి ఊడుస్తున్నాడు, ఇద్దరు చింతగింజలతో ఆడుతున్నారు, ఫినాయిలు వాసనతో పాటు సంగటి ఉడికే వాసన వస్తోంది. గేటు దగ్గర పెద్దాయన, భుజాన తువ్వాలు, మమ్మల్ని పైనుంచి కిందికి చూశారు. "భయపడొద్దని నేను చెప్పనప్పా. భయముంటే ఉండనీ. మొగానికి మాత్రం పూసుకోవద్దు" అన్నారు.

ఆ వార్డులో ఒక రోగి తాను అమల్దారునని, అంటే తాసీల్దారునని చెప్పుకునేవాడు. తాలూకాలన్నీ తనవే. మాలో ఒకడు వంగి సలాం కొట్టి, వెనక్కి తిరిగి నవ్వాడు. పెద్దాయన వాణ్ణి పక్కకు పిలిచారు. "ఎక్కిరించొద్దు. ఔననొద్దు, కాదనొద్దు. అన్నం తిన్నావా అని అడుగు. రాజైనా బంటైనా ఆకలి ఒకటే కదా." నేను పోయి, అమల్దారుగారూ భోంచేశారా అని అడిగాను. ఆయన నా వైపు చాలా సేపు చూసి, "అర్జీ పెట్టుకో" అన్నాడు. ఆ రోజు నవ్వు ఆపుకోవడానికి నేను పడిన పాట్లు ఇప్పటికీ గుర్తే. పెద్దాయన కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

రెండో రోజు నా చేతి గడియారం తీయించారు. మాట్లాడుతూ మాట్లాడుతూ దాని వంక చూసేవాణ్ణట. నాకే తెలియదు. "నువ్వు చూసేది వాళ్ళు చూస్తాండారప్పా. మనం పరీక్ష చేస్తాండామని అనుకుంటాము. పరీక్ష చేసేది వాళ్ళు." ఎవరితో మాట్లాడాలన్నా ఆయన ముందు నేలమీద కూర్చునేవారు, ఆ తర్వాతే నోరు తెరిచేవారు.

ఇంకో అలవాటు ఉండేది. రోగి ఏదైనా అడిగి, ఈయన సరేనంటే, అప్పటికప్పుడే తువ్వాలు కొసన ఒక ముడి వేసుకునేవారు. ఒకరికి వక్కాకు తేవాలి, ఇంకొకరి తల్లికి జాబు రాయించాలి. పని అయ్యాక ఆ రోగి ఎదుటే ముడి విప్పేవారు. సాయంత్రం తువ్వాలు ముళ్ళు లేకుండా దులుపుకొని ఇంటికి పోయేవారు. ఒప్పుకోలేనిది అడిగితే, "అది నా చేత కాదప్పా" అని ముఖం మీదే చెప్పేవారు. మేము మాత్రం అందరికీ అన్నీ అయిపోతాయని చెబుతూ తిరిగేవాళ్ళం.

నాకు అప్పగించిన రోగి బాగేపల్లి తాలూకా రైతు. ఇంటి వెనక బావిలోంచి ఎవరో పిలుస్తున్నారని దూకడానికి రెండుసార్లు గట్టు ఎక్కాడు. ఇంటివాళ్ళు మనసు కుదుటపడుతుందని మురుగమల్ల దర్గాకు తీసుకుపోయి, చాలా రోజులు అక్కడే ఉండి, చివరికి ఇక్కడ చేర్పించారు. దర్గా సంగతి విని నేను పెదవి విరిచాను. "యాడ నిమ్మళం దొరుకుతాదంటే ఆడికి పోతారు. కట్టేసి కొట్టలేదు, వెంటబెట్టుకోని తిరిగినారు. ముందు అది రాసుకో" అన్నారు పెద్దాయన.

జబ్బు చేశాక ఆ రైతు కన్నడం వదిలేశాడు. తెలుగు తప్ప పలకడు. నాది చింతామణి తెలుగు గనుక నాతో మాట్లాడాడు. నేను కాగితాలు నింపాను, ప్రొఫెసరు మెచ్చుకున్నారు, నాకు కొమ్ములు వచ్చాయి. ఒక రోజు రైతు, "నన్ను ఊరికి ఎప్పుడు పంపిస్తారప్పా?" అని అడిగాడు. నేను లేస్తూ లేస్తూ, "శనివారం వస్తా, పెద్ద డాక్టరును అడిగి చెప్తా" అన్నాను. శనివారం మా బంధువుల ఇంట పెళ్ళి. చింతామణి రైలెక్కేశాను. చెప్పిన మాట గుర్తుకు కూడా రాలేదు.

సోమవారం పోయేసరికి ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. శనివారం తెల్లవారే పంచె మూట కట్టుకుని వసారాలో కూర్చున్నాడట. సాయంత్రం దాకా మెతుకు ముట్టలేదట. అప్పటినుంచి మాట లేదు, నీళ్ళు కూడా బలవంతంగా తాగిస్తున్నారు. తిడతారనుకున్నాను. పెద్దాయన తిట్టలేదు. "నువ్వు ఒక మాట అనేసి పోయినావు. ఆయన ఒక దినమంతా దాన్ని పట్టుకోని కూకున్నాడు. ఇప్పుడు నువ్వు కూకో. దినామూ ఒకే పొద్దుకి రా. కాగితం వద్దు, ప్రశ్న వద్దు."

"ఎన్నాళ్ళు?"

"ఆయనకి చాలనిపించే దాకా."

పదకొండు రోజులు కూర్చున్నాను. ఆ పనికి మించిన కష్టమైన పని వైద్యంలో ఇంతవరకూ చేయలేదు. విసుగు, అవమానం, నడుం నొప్పి. పిల్లలూ, అక్కడ మీకు ఎదురయ్యేది భయం కంటే ఎక్కువగా ఇదే. పన్నెండో రోజు ఆయన గోడవైపు తిరిగే నాలుగు చెనిక్కాయలు నా వైపు జరిపాడు. తానూ ఒక కాయ ఒలుస్తూ, "మీ చింతామణిలో వాన పడిందా?" అన్నాడు. పడిందన్నాను.

నా ఆరు వారాలు ముగిసే రోజును వారం ముందే నా చేత రైతుకు చెప్పించారు పెద్దాయన. ఆ తర్వాత కొన్ని నెలలకు రైతును ఇంటికి పంపేటప్పుడు నాకు జాబు రాయించి, తోడు రమ్మన్నారు. ముగ్గురం రైల్లో చిక్కబళ్ళాపురం దాకా, అక్కణ్ణుంచి బాగేపల్లికి బొగ్గు బస్సులో పోయాం. పెట్రోలు దొరకని రోజులు, బస్సు వెనక బొగ్గుల పొయ్యి. దిగేసరికి ముగ్గురమూ ఒకే రంగులో ఉన్నాం. అక్కణ్ణుంచి నడక.

ఇంటి దగ్గర రైతు తమ్ముడు వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు. చెడ్డవాడు కాడు, భయపడినవాడు. "బావి ఇంటెనకే ఉండాది. పిల్లోళ్ళుండారు. నేను రాత్రీ పగలూ కాపలా ఉండలేనప్పా. పిలుచుకోని పోండి." రైతు తల వంచుకుని మూటను గట్టిగా పట్టుకున్నాడు. నేను రోగం గురించి చెప్పబోయాను. పెద్దాయన నా మోచేయి నొక్కి, నేలమీద కూర్చున్నారు.

"బావి ఆడే ఉండాది, నిజమే. నువ్వూ ఆడే ఉండావు. నడమ నేను వస్తాంటా. ప్రతి అమావాస్యకీ వస్తా. ఏ అమావాస్యకి నేను రాకుంటే ఆ మర్నాడే ఆయన్ని ఆసుపత్రిలో విడిచిపెట్టు. నేను అడ్డం రాను." తువ్వాలు తీసి ముడి వేశారు. ఆ చిన్న ముడి వంక తమ్ముడు చాలా సేపు చూసి పక్కకు జరిగాడు. రైతు ఇంట్లోకి పోయాడు.

ఏడేళ్ళు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఉన్న సెలవులన్నీ దానికే పోయాయి. ప్రతి అమావాస్యకూ పాత ముడి ఆ రైతు ముందు విప్పి, మరుసటి నెలకు కొత్తది వేసుకుని వచ్చేవారు. "గాలికి పోయే కంపను తెచ్చి తగిలించుకున్నాడు" అని పెద్దాయన భార్య సణిగేది, పోయే రోజు మాత్రం పంచె ఉతికి పెట్టేది.

మంగళవారం నేను ఆయన ఇంటికి పోయేసరికి అన్నీ ముగిశాయి. ఆమె లోపల్నుంచి తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. కొసన ముడి ఉంది. "తక్కినవన్నీ ఆయనతో పంపించినామప్పా. దీన్ని విప్పకుండా కాల్చేదెట్లా? ఎల్లుండే అమావాస్య."

గురువారం వైద్యశాల మూసి, సెలవుల్లో ఇంటికి వచ్చిన మా అక్క కూతుర్ని తీసుకుని పోయాను. ఆమెకు కథ చెప్పాను గానీ ఎలా ఉండాలో చెప్పలేదు. రైతు ఉతికిన పంచె కట్టుకుని అరుగుమీద ఉన్నాడు. జుట్టు నెరిసింది. తమ్ముడు నాలుగడుగులు ఎదురు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "పెద్దాయప్ప పోయినాడని చెప్పితిమి. నమ్మలేదు. అమావాస్య కదా వస్తాడని తెల్లార్నుంచీ కూకోనుండాడు. సంగటి ముట్టలేదు."

ఆ పాత శనివారం మొత్తం నా మీద పడింది. గడియారం తీసి జేబులో వేసుకున్నాను. చూస్తే మా పిల్ల అప్పటికే ఆయన ముందు నేలమీద కూర్చుని ఉంది. నేనూ కూర్చున్నాను.

"అన్నా, పెద్దాయన సోమవారం పోయినాడు. ఇంక రాడు. ఈ ముడి విప్పమని ఆయన ఇంటామె నన్ను పంపినారు" అన్నాను.

ఆయన తువ్వాలు అందుకున్నాడు. ముడిలో గోరు పెట్టి కొంచెం వదులు చేశాడు. ఆగిపోయాడు. మళ్ళీ బిగించాడు. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, "మీ చింతామణిలో వాన పడిందా?" అని అడిగాడు.

ఇంకా పడలేదన్నాను.

"ఉండనీలేప్పా. వచ్చే అమావాస్యకి విప్పుదాము" అని తువ్వాలు నా భుజం మీద వేసి, తమ్ముడి వైపు తిరిగి సంగటి పెట్టమన్నాడు. మాకు కూడా పెట్టారు.

తిరిగి బాగేపల్లి దాకా నడిచాం. ఏం చదువుకోని పోవాలని మా పిల్ల మళ్ళీ అడగలేదు. దారి పొడవునా ఆ ముడి అడుగడుక్కీ నా వీపుకు తగులుతూనే ఉంది.