ఇరవై ఎనిమిది పేజీలు

నా చిన్నప్పటి లెక్కల నోటుబుక్కు ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో చివరి ఇరవై ఎనిమిది పేజీల్లో లెక్కలు లేవు. అప్పుడు నేను ఆరో తరగతి. నస్పూర్‌లో బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా తాత గనిలో సర్దార్. మనుషులు దిగేముందు దీపం పట్టుకుని పోయి, లోపల విషవాయువు ఉందో లేదో చూసి, బుక్కులో రాసి సంతకం పెట్టడం ఆయన పని.

ఆ వానాకాలం మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, మారిపోయాడు. ఎవరూ లేని మూలకు జవాబు చెప్పేవాడు. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేసేవాడు. దయ్యం పట్టిందని, గొలుసులతో కట్టేసి వదిలించే చోటికి తీసుకుపోదామని మా నానమ్మ పట్టుబట్టింది. తాత ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఎప్పటినుంచి ఇట్లా అని డాక్టరు అడిగితే తలా ఒక మాట చెప్పారు. ఆయన రక్తం పరీక్ష చేయించాడు, తాగుడు ఉందా, తలకు దెబ్బ తగిలిందా అని అడిగాడు. నిద్రకు మాత్రలిచ్చి, ఒక్కరోజు చూసి జబ్బు పేరు చెప్పలేనని, నాలుగు వారాలు రోజూ గమనించి రాసుకు రమ్మన్నాడు. వచ్చే అమావాస్య దాకా ఆగుతానని, ఆ తర్వాత తన మాటే నడవాలని నానమ్మ అంది.

రాసే పని తాత నాకిచ్చాడు. మొదటి రోజు నేను ‘చిన్నబాపుకు దయ్యం పట్టింది’ అని రాశాను.

“దయ్యాన్ని చూసినవా బిడ్డా?”

“చూడలే.”

“చూడంది బుక్కుల రాస్తే గనిల మనుషులు సస్తరు. కండ్లకు కనబడ్డదే రాయి. ఎన్ని గంటలకో గూడ రాయి.”

అట్లాగే రాశాను. ‘పొద్దున ఆరున్నరకు మూలకు చూసి మాట్లాడిండు. నాలుగు ముద్దలు తిన్నడు.’ కనబడ్డదంతా రాయాలి కాబట్టి ఇది కూడా రాశాను: ‘సాయంత్రం అయిదుకు నాకు జడ వేసిండు. పాపిట వంకర పోలే.’

ఇరవై ఎనిమిదో రోజు డాక్టరు అన్ని పేజీలూ చదివాడు. తర్వాత చిన్నబాపునే అడిగాడు, ఎవరి గొంతులు, ఏమంటాయి, ఏమైనా చేయమంటాయా అని. ఇంట్లో ఎవరమూ ఆయన్ని అది అడగలేదు.

“నీకు వినబడేది నువ్వు కల్పించి చెప్తలేవు. మాకు వినబడదు, అంతే. ఇది జబ్బు. మందుంది” అన్నాడు డాక్టరు. జబ్బు పేరు అప్పుడు చెప్పాడు. ఆఖరున జడ వేసిన మాట పైకి చదివాడు.

చిన్నబాపు నావైపు తిరిగాడు. “గది గూడ రాసినవా?” అని ఏడ్చాడు. నానమ్మ కొంగుతో ఆయన ముఖం తుడిచింది. అమావాస్య మాట మళ్లీ ఎత్తలేదు.

చిన్నబాపు ఏళ్ల తరబడి మందులు వాడాడు. రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది, రెండుసార్లూ నేనే రాశాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరికి బాగాలేకపోయినా తేదీ, గంట వేసి, కనబడ్డదే రాస్తాను. కింద ఒక గీత గీసి, ఆ రోజు ఆ మనిషి ఎవరికైనా చేసిన మంచి ఒకటి రాస్తాను. ఆ గీత కింద ఖాళీగా మిగిలిన రోజు ఇంతవరకూ ఒక్కటీ లేదు.