ఆరాధన ముగించే చెయ్యి

మా వీధి చివర, కెనడాలో మేముండే హామిల్టన్‌లో అందరూ కొండ అని పిలుచుకునే గట్టు కింద, ఒక పాత ఇటుక ఇల్లు ఉంది. ఆదివారం పూట క్వేకర్లనే ఒక శాఖ క్రైస్తవులు అందులో కలుసుకుంటారు. పాస్టరు లేడు, పాట లేదు, ప్రసంగం లేదు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని గంటసేపు మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నుంచి మాట తన్నుకొస్తే లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటారు. రాకపోతే లేదు. చివర్లో, ఆ బాధ్యత ఉన్న మనిషి పక్కవాళ్లతో చెయ్యి కలుపుతారు. అది చూసి అందరూ చేతులు కలుపుకుంటారు. అంతే, ఆరాధన ముగిసినట్టు.

ఇదేం ఆరాధన అనుకున్నాను మొదట. నేను కాకినాడలో పెరిగాను. మైకు లేకపోతే దేవుడికి వినపడదేమోనని బెంగపడే మనుషుల మధ్య పెరిగాను. మా ఆయన వాళ్లందర్నీ మించినవారు. అక్కడా ఇక్కడా కాలేజీల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, గొంతెత్తితే ఆపేవాడు లేడు. ఆయన ప్రార్థన మొదలుపెడితే బిర్యానీ చల్లారిపోతుందని మార్కమ్ ఊళ్లోని తెలుగు ప్రార్థన కూటంలో అందరూ ఆటపట్టించేవారు. నిజంగానే చల్లారిపోయేది కూడా.

అలాంటి మనిషికి స్ట్రోక్ వచ్చి మాట పోయింది. కుడి చెయ్యి పడిపోయింది. ఉన్న మాటలన్నీ కొట్టుకుపోగా ‘అదే’ అన్న ఒక్క ముక్క మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా అదే, దుప్పటి కావాలన్నా అదే, నా మీద కోపం వచ్చినా అదే.

కూటంలో వాళ్ల ప్రేమకేం లోటు లేదు. ఆయన తల మీద చేతులుంచి, గొంతులు పగిలేలా, మాట తిరిగి ఇమ్మని దేవుణ్ణి అడిగారు. తర్వాత కూటం పెద్దాయన ఒకరు వంగి, “మాస్టారూ, ఒక్కసారి ఆమెన్ అనండి” అన్నారు. మా ఆయన నోరు తెరిచారు. అందరూ ఎదురుచూశారు. “అదే” అన్నారు. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. మరుసటి ఆదివారం కారెక్కలేదు. ఆ పై వారం కూడా ఎక్కలేదు.

“మనుషుల్లో తిరగాలి, లేకపోతే ఉన్నది కూడా జారిపోతుంది” అన్నాడు డాక్టరు. తిరగడమెక్కడ? ఎవరైనా ఇంటికొస్తే లేచి గదిలోకి వెళ్లిపోయేవారు. కుడి చెయ్యి లేవదు. ఎడమ చెయ్యి ఎవరికీ ఇవ్వరు. ఎడమ చేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం మాకు చిన్నప్పుడే వీపు మీద రెండు వేసి మాన్పించేస్తారు. ఎవరైనా షేక్‌హ్యాండ్‌కి వస్తే ఆ మంచి చెయ్యి కూడా కోటు జేబులోకి వెళ్లిపోయేది. మనిషి నా ఎదురుగా కుర్చీలోనే ఉన్నారు. నాకు మాత్రం రోజురోజుకీ దక్కకుండా పోతున్నారు. నా భయమల్లా అదొక్కటే.

ఆకులు రాలే రోజుల్లో, నడక కోసం కర్రతో వీధి చివరి దాకా తీసుకెళితే, ఆ ఇటుక ఇంటి ముందు ఆగిపోయారు. మౌనంగా కూర్చోవడానికి ఎవరైనా రావచ్చని తలుపు పక్కన బోర్డు ఉంది. దాన్ని చాలాసేపు చూశారు. కర్రతో తలుపు చూపించి, “అదే” అన్నారు.

మా అమ్మాయికి ఫోన్లో చెబితే, “నో సాంగ్స్? నో సెర్మన్? అమ్మా, ఆర్ యూ ష్యూర్ ఇట్స్ ఎ చర్చ్?” అంది. నాకూ అదే అనుమానం. అయినా ఆదివారం ఆయన వెంట వెళ్లాను.

అక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలుచుకుంటారు. నాకు నోరు రాలేదు. ఆ రోజుల్లో ఆరాధన ముగించే బాధ్యత ఒక ముసలావిడది. వెన్ను వంగిపోయి, వేలికి నీలం రాయి ఉంగరం పెట్టుకుని, ఎప్పుడూ మా ఆయన పక్కనే కూర్చునేది. ఆవిడను ఆంటీ అన్నాను. ఆవిడకు నచ్చిందో ఏమో, మిగతా అందరూ నన్ను చూసి ఆవిడను ఆంటీ అనడం మొదలుపెట్టారు.

చలికాలం ఆదివారాలు నాకిప్పుడు కలిసిపోయి ఒకే ఉదయంలా గుర్తున్నాయి. కిటికీ అవతల మంచు. ఆ మంచు మీద పడి లోపలికొచ్చే తెల్లని వెలుతురు చెక్కనేల మీద మెల్లగా జరుగుతూ, ఒకరి బూట్ల దగ్గర్నుంచి ఇంకొకరి బూట్ల దగ్గరికి చేరేది. హీటరు గొట్టాలు టిక్కుటిక్కుమనేవి. ఎవరో దగ్గేవారు. తర్వాత అదీ ఉండేది కాదు. నిద్ర కాదు, మెలకువ కాదు. మేడ మీద అమ్మ వడియాలు పెడుతున్నట్టు, ఆ గుడ్డ అంచు గాలికి లేస్తున్నట్టు, నేను పనిచేసిన హాస్పిటల్ ల్యాబ్‌లో గాజు గొట్టాలన్నింటి నిండా వెలుతురే ఉన్నట్టు ఉండేది. ఒక్కోసారి “ఏమోయ్, కాఫీ” అని వినపడేది. మా ఆయన పాత గొంతు. ఉలిక్కిపడి చూస్తే, పక్కనే కళ్లు మూసుకుని ఉండేవారు. ఆ గదిలో ఎవరికీ మాట లేదు కాబట్టి ఆయనకు లేకపోవడం ఎవరికీ పట్టలేదు. ఆ గంటసేపు ఆయన మొహం మా పెళ్లప్పటి మొహం.

గంట అయ్యాక మాత్రం కథ మళ్లీ మొదటికొచ్చేది. ఆంటీ ఆయన వైపు తిరిగి చెయ్యి చాపేది. ఆయన ఎడమ చెయ్యి జేబులోకి పోయేది. తల ఊపి ఊరుకునేవారు. ఆవిడ కాసేపు ఆ చెయ్యి అలాగే ఉంచి, నవ్వి, నాతో కలిపేది. మంచు కరిగింది, మేపుల్ చెట్లకు ఎర్రటి మొగ్గలొచ్చాయి, ఆ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

వసంతంలో ఒకాయన లేచి, “ఈ వారం పిచ్చుక గూడు కోసం నా బూటులో గడ్డి పెట్టింది. అది తీసేయడానికి నాకు మనసొప్పలేదు” అని కూర్చున్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మాట గది మధ్యలో అలా ఉండిపోయింది. మా కూటంలో అయితే ఆ పిచ్చుక మీద ముగ్గురు సాక్ష్యం చెప్పి, ఒకరు పాట కట్టేవారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. వేసవిలో కిటికీలు తెరిచారు. కోసిన గడ్డి వాసన, ఎవరింటి నుంచో పియానో, సరస్సు మీంచి వచ్చే గాలిలో స్టీల్ ఫ్యాక్టరీ వాసన అన్నీ వచ్చి మా మధ్యలో కూర్చున్నాయి. పెరట్లో భోజనాలకు నేను పులిహోర చేసుకెళ్లాను. కరివేపాకులు ఏరి పక్కన పెట్టకుండా తిన్నారంటే వాళ్లెంత ఓపికమంతులో చూడండి.

మళ్లీ ఆకులు రాలే వేళకు, ఆంటీ ఒషావాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నానని చెప్పింది. నెలకోసారి వాళ్ల పనుల మీటింగ్ ఉంటుంది. ఓట్లు లేవు. ఎంతమంది అవునన్నారని ఎవరూ చూడరు. ఒక మాట మధ్యలో పెట్టి, అందరి మనసూ దాని మీద నిలిచేదాకా కూర్చుంటారు. ఆంటీ లేచి, ఇక మీద ఆరాధన ముగించే పని మా ఆయనకు ఇద్దామంది. “ఈ గదిలో మౌనం మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు” అంది.

నాకు ఒళ్లు మండింది. లేచాను. “ఆయన కుడి చెయ్యి లేవదండీ. ఎడమ చెయ్యి ఆయన ఎవరికీ ఇవ్వరు. అందరి ముందూ ఆయన్ని మళ్లీ నిలబెట్టి చూడొద్దు” అన్నాను. పెళ్లామన్నాక ఆ మాత్రం అనదా?

నేనొక్కదాన్నే అన్నాను కదా, నా మాట ఎవరు ఖాతరు చేస్తారులే అనుకున్నాను. వాళ్ల పద్ధతి నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఒక్కరికి మనసొప్పకపోయినా అక్కడ పని ముందుకు సాగదు. మీటింగ్ నడిపే ఆయన, “మన స్నేహితురాలికి ఇంకా వెలుగు కనపడలేదు. వచ్చే నెల చూద్దాం” అన్నాడు. అంతమందీ నా ఒక్కదాని కోసం ఆగిపోయారు. ఎవరూ చిరాకుపడలేదు, ఒక్క మా ఆయన తప్ప.

కారులో కూర్చోగానే ఎడమ చెయ్యి జేబులోంచి తీసి డాష్‌బోర్డు మీద ఒక్కటి వేశారు. “అదే! అదే! అదే!”

“ఏంటండీ మీ గోల? ఆ పని కావాలా మీకు?” అన్నాను.

ఆయన నా వైపు తిరిగి చూశారు. బ్లాక్‌బోర్డు ముందు నిలబడి, తెలిసిన లెక్క తప్పు చేసిన స్టూడెంట్‌ని చూసే చూపు. ఆ చూపు మళ్లీ నాకు దొరుకుతుందనుకోలేదు. మరుసటి నెల మీటింగ్‌లో నా వంతు మౌనం నేను పాటించాను, ఆ పని ఆయనదైంది.

ఆయన ముగించాల్సిన మొదటి ఆదివారం, మంచు పడుతోంది. ఆంటీకి అదే ఆఖరి ఆదివారం. ఎప్పటిలాగే ఆయన పక్కన కూర్చుంది. వంటగదిలో సన్నని మంట మీద సూపు ఉంది, ఆ వాసన తలుపు సందుల్లోంచి వస్తోంది. వెలుతురు నేల మీద జరిగింది, జరిగింది, ఎదురుగోడ ఎక్కింది. గంట దాటిందని నాకు తెలుసు. అందరికీ తెలుసు. ఎవరూ గడియారం వైపు చూడలేదు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి జేబులోనే ఉంది.

మోచేత్తో పొడుద్దామనుకున్నాను. ‘ఏవండీ’ నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరో లేచి వెళ్లి సూపు కింద మంట ఆర్పి వచ్చి, చప్పుడు చేయకుండా మళ్లీ కూర్చున్నారు. మా ఆయన పూర్వం ప్రార్థన చేసినంతసేపూ అందరం ఎలా కూర్చునేవాళ్లమో, అలాగే కూర్చున్నాం. ఆయన ముగిస్తే తప్ప ముగియదు.

అప్పుడు ఎడమ చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. ఆంటీ ముందుకు వెళ్లింది. ఆవిడ అప్పటికే చాపబోతున్న కుడి చెయ్యి ఒళ్లో పెట్టేసుకుని, ఉంగరం ఉన్న తన ఎడమ చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. అటుపక్కవాళ్లు అది చూసి ఎడమ చేతులే కలుపుకున్నారు. వాళ్లను చూసి మిగతావాళ్లు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గదంతా ఎడమ చేతులే.

ఆయన నా వైపు తిరిగారు. గ్లాసుడు నీళ్లు కూడా ఎడమ చేత్తో పుచ్చుకోని దాన్ని, నా ఎడమ చెయ్యి చాపాను. స్ట్రోక్ వచ్చాక ఆయనంతట ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. సూపు పూర్తిగా చల్లారిపోయే దాకా వదల్లేదు.