ఎర్ర ట్యాగు సకినాలు

ఆ రోజుల్లో ఇంట్లో కూర్చోవడం కూడా ఒక విద్యేనని మాకెవరికీ తెలియదు. తర్వాత చాలా ఏళ్లకు పెద్ద రోగం వచ్చి లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు, మిద్దె మీద మొక్కలు పెంచినవాళ్లు, యూట్యూబు చూసి కేకులు చేసినవాళ్లు తామే ఏదో కనిపెట్టినట్టు ఫొటోలు పంపుతుంటే నాకు లోలోపల నవ్వొచ్చేది. ఆ పరీక్ష నేను స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాదే రాశాను. లోకమంతా కూర్చుంటే దానితోపాటు మనమూ కూర్చోవడం సులువే. ఉప్పల్ రింగు రోడ్డు మీద బస్సులు ఎప్పట్లాగే హారన్లు కొడుతుంటే, గల్లీలో పిల్లలు ఎప్పట్లాగే గోల చేస్తుంటే, మన ఒక్క ఇంటి గేటుకే గొళ్లెం పడటం మాత్రం వేరే సంగతి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నాచారంలో బోల్టులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, క్వాలిటీ విభాగంలో ట్రైనీగా చేరి నాలుగు నెలలైంది. నా పనల్లా వచ్చిన బోల్టును వెర్నియర్‌తో కొలవడం, కొలత సరిపోతే డబ్బాకు పచ్చ ట్యాగు, సరిపోకపోతే ఎర్ర ట్యాగు కట్టడం. ఎర్ర ట్యాగు కట్టిన డబ్బాను యజమాని కూడా ముట్టుకోడు. ఇంత అధికారం ఇరవై రెండేళ్లవాడి చేతికిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఇంట్లో చాయ్ గ్లాసును కూడా వెలుతురుకు పట్టి చూసి తాగేవాణ్ని. (మా అమ్మ దీనికి "తిక్క" అని పేరు పెట్టింది. మా కంపెనీలో దాన్నే శ్రద్ధ అనేవాళ్లు.)

ఒకరోజు మా షిఫ్టు సూపర్‌వైజర్‌కు జ్వరం వచ్చింది, పరీక్ష చేస్తే ఆ రోగమే అని తేలింది. ఆయన పక్కన నిలబడి చాయ్ తాగినవాళ్లందరినీ పది రోజులు ఇల్లు కదలొద్దన్నారు. ఆ చాయ్ నేనూ తాగాను. మా బాపు నాచారంలోనే ఇంకో కంపెనీలో స్టోర్ కీపరు. కొడుకు సంగతి తెలిసి వాళ్లు ఆయన్నీ రావొద్దన్నారు. అలా ఒకే పూట ఇద్దరు మగవాళ్లం టిఫిన్ డబ్బాలతో సహా అమ్మ రాజ్యంలోకి దిగబడ్డాం. నాకు తుమ్ము కూడా రాలేదు, కానీ గల్లీ అంతా మా ఇంటి ముందు ముక్కు మూసుకొని నడవడం మొదలుపెట్టింది.

ఇదంతా నవ్వుకుంటూ గడిపేవాళ్లమేమో గానీ, సరిగ్గా ఆ పదో రోజునే ఘట్‌కేసర్‌లో మా అక్క సీమంతం. అక్కకు ఏడో నెల. పుట్టింటివాళ్లు సారె తీసుకుపోవాలి, సారెలో సకినాలు ఉండాలి, అవి నూట ఒకటికి తగ్గకూడదు. సకినాలు ఒక్కరు చేసేవి కావు. తడి బియ్యప్పిండిని వేళ్ల మధ్య సన్నగా మెలితిప్పుతూ గుడ్డ మీద వరుసగా మూడు నాలుగు చుట్లు చుట్టాలి. అందుకే ఎవరింట్లో సకినాలైనా గల్లీలో ఆడవాళ్లంతా వచ్చి కూర్చుంటారు. ఇప్పుడు మా గేటు లోపలికి ఎవరొస్తారు? దానికి తోడు ముందటి వారమే అమ్మ వాకిట్లో జారిపడి కుడి మణికట్టు బెణికించుకుంది. చేతికి పసుపు పట్టు, పైన గుడ్డ కట్టు.

అక్క అత్తగారికి ఈ కబురు ముందే చేరింది. ఆమె ఫోన్ చేసి అమ్మతో మొహమాటం లేకుండా చెప్పేసింది. "వదినా, ఏమనుకోకున్రి. పిల్లకు ఏడో నెల. మీరు గిప్పుడు రావొద్దు. సారె గీరె ఏం పంపకున్రి."

రావొద్దన్నందుకు అమ్మ ఏడవలేదు. సారె వద్దన్నందుకు ఏడ్చింది. "నేను పోకపోతే మాయె. పదిమంది నడుమ నా బిడ్డ పీట మీద కూసుంటే, పక్కకు పుట్టింటి డబ్బా ఒక్కటి లేకుంటె ఎట్లుంటది? తల్లిగల్లదా, తల్లి లేనిదా అనరా?" అంది. అమ్మ కళ్లు తుడుచుకుంటుంటే ఎడమచేయి వాడటం అలవాటు లేక కొంగు ముక్కుకు తగులుతోంది.  బాపు బావకు ఫోన్ చేసి, "కాగిన నూనెల ఏ రోగం బతుకుతదయ్యా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. బావ మంచివాడు. సీమంతం పొద్దున వచ్చి గేటు దగ్గర డబ్బా తీసుకుంటానన్నాడు. "కానీ మామా, మా అమ్మ డబ్బా మూత తీస్తదో తీయదో నేను చెప్పలేను" అని కూడా అన్నాడు.

ఫోన్ పెట్టేసి బాపు లుంగీ ఎగ్గట్టి, "బియ్యం నానవోయి. మేమే సుడుతం" అన్నాడు. అమ్మ ఏడుపు ఆపి మా ఇద్దరి చేతుల వైపు చూసి, మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది.

నానిన బియ్యాన్ని గిర్నీ పట్టించి తెచ్చింది ఎదురింటి పెద్దమ్మ. పిండి గిన్నెను మా గోడ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి దూకింది. ఆమెకు మా మీద ప్రేమా ఎక్కువే, భయమూ ఎక్కువే. అందుకని తన మిద్దె మీద కుర్చీ వేసుకొని అక్కడి నుంచే మాకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. మేం వరండాలో అమ్మ పాత చీర పరిచి కూర్చున్నాం. అమ్మ మా మూతులకు రుమాళ్లు కట్టి, ఎడమచేత్తోనే మొదటి విడత పిండి కలిపి మా ముందు పెట్టింది.

"ఓ పిలగా! చెయ్యి కాదు, ఏలు తిప్పు! ఏలు!" అని మిద్దె మీద నుంచి కేక. నేను వేలు తిప్పితే పిండి తెగింది. చెయ్యి తిప్పితే ముద్దయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పిండిలో తేమ శాతం సరిగ్గా లేదన్నాను. "నీ తేమ పాడుగాను, నీ ఏళ్లే సరిగ్గ లెవ్వు!" అని పెద్దమ్మ గల్లీ అంతా వినబడేలా తీర్పు చెప్పింది. గల్లీలో పోయేవాళ్లు ముక్కు మూసుకోవడం మరిచిపోయి ఆగి నవ్వారు. బాపు మాత్రం ఎవరినీ పట్టించుకోలేదు. ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసిన వేళ్లతో, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కో సకినాన్ని ఐదేసి నిమిషాలు చుట్టాడు. అవి తెగలేదు. కానీ గుండ్రంగా కూడా లేవు. ఒకటి కోడిగుడ్డులా, ఒకటి చెవిలా, ఒకటి చెరువు గట్టులా ఉంది. మందం సంగతి సరేసరి.

సాయంత్రానికి అమ్మ వాటిని ఎడమచేత్తోనే నూనెలో వేయించి ఒక పెద్ద స్టీలు డబ్బాలో నింపింది. నాలోని ఇన్‌స్పెక్టరు ఇక ఆగలేకపోయాడు. పని సంచిలో ఉండిపోయిన వెర్నియర్, ట్యాగులు తెచ్చి బాపు సకినాలను కొలిచాను. ఏ రెండూ ఒక్క కొలత కాదు. "బాపూ, ఈ లాటు రిజెక్టు" అన్నాను. బాపు కళ్లజోడు తీసి నన్ను చూశాడు. స్టోర్లో ఎన్నో ఎర్ర ట్యాగులు చూసిన మనిషి, వాదించలేదు. "సరే. ఇంట్ల తిందం. సారెకు మంచియి సుట్టు" అన్నాడు. నేను డబ్బాకు ఎర్ర ట్యాగు కట్టాను.  ఆ ట్యాగు కడుతుంటే నాకు ఎంత గర్వంగా ఉందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

తర్వాతి నాలుగు రోజులు నేను సాధన చేశాను. అంత పట్టుదలగా చదివుంటే ఇంజనీరునయ్యేవాణ్ని. అమ్మ గాజు ఒకటి తీసుకొని లోపలి చుట్టుకు, డబ్బా మూత ఒకటి తీసుకొని బయటి చుట్టుకు కొలతలు పెట్టుకున్నాను. గాజు లోపల పట్టాలి, మూత దాటకూడదు. పాడైన పిండిని మళ్లీ ముద్ద చేసి మళ్లీ చుట్టాను. ఐదో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి నా వేలు తిరిగింది! సన్నటి పిండి తీగ తనంతట తాను చుట్టుకుంటూ పోయింది. మిద్దె మీద పెద్దమ్మ కుర్చీలోంచి లేచి, "సుట్టిండే! పిలగాడు సుట్టిండే!" అని చప్పట్లు కొట్టింది. ఉద్యోగం వచ్చిన రోజు కూడా నేనంత సంతోషపడలేదు.

అసలు సారె పిండి నేనే కలుపుతానన్నాను. అమ్మను అడిగి అన్నీ కాగితం మీద రాసుకున్నాను. పిండి ఇన్ని గ్లాసులు, నువ్వులు ఇన్ని, వాము ఇన్ని చెంచాలు. రాసింది రాసినట్టు కొలిచి వేసి, ఒక్కోదానికి టిక్కు పెట్టాను. నూట ఒక్క సకినాలు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఒకటి విరిచి చూద్దామని చెయ్యి పెడితే అమ్మ దెబ్బ వేసింది. "సారె పంపకముందే ఎంగిలి చేస్తవా? మీ అక్క ముందట పెట్టినంక తినాలె!" అంది. రుచి చూడకుండా పాసు చేయడం మా నియమాలకు విరుద్ధమే. కానీ కొలతలు అంత బాగుంటే రుచి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. అచ్చం అలాంటిదే ఇంకో స్టీలు డబ్బాలో నింపి పచ్చ ట్యాగు కట్టి, సారె పోయేదాకా ముట్టొద్దని అమ్మ దాచిన ఎర్ర డబ్బా పక్కనే పెట్టాను.

పదో రోజు పొద్దున్నే బావ బండి మీద వచ్చి, గేటుకు పది అడుగుల దూరంలో రుమాలు కట్టుకొని నిలబడ్డాడు. అమ్మ డబ్బాలకు పసుపు కుంకుమ పెట్టబోయి, "సారె డబ్బకు ఈ తోకలేందిరా, అశుభంగ!" అని రెండు ట్యాగులూ పీకి పొయ్యిలో వేసింది. నేను స్నానం చేస్తున్నాను. బాపు అమ్మ చూపించిన డబ్బా మోసుకెళ్లి గేటు బయట పెట్టాడు. బావ ఎత్తుకొని పోయాడు.

నేను తల తుడుచుకుంటూ వచ్చి, మిగిలిన డబ్బా మూత తీశాను. నూట ఒక్క గుండ్రటి సకినాలు నన్ను చూస్తున్నాయి. అంటే కోడిగుడ్లూ, చెవులూ, చెరువు గట్లూ ఘట్‌కేసర్ దారిలో ఉన్నాయి.

బావకు ఫోన్ చేస్తే బండి మీద ఉన్నాడేమో ఎత్తలేదు. అమ్మ చాప మీద కూలబడింది. "ముప్పై మంది ముందట మూత తీస్తరు. నా బిడ్డ తల దించుకుంటది" అంది. నేను ట్యాగులు పీకినందుకు అమ్మను అన్నాను, అమ్మ ట్యాగులు కట్టినందుకు నన్ను అంది. బాపు మొహం మాత్రం చిన్నబోయింది. సిగ్గుపడాల్సింది తన సకినాల గురించే కదా. ఆ మొహం చూశాక నాకు మొదటిసారి ఆ ఎర్ర ట్యాగు కట్టకుండా ఉండాల్సింది అనిపించింది.

మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మోగింది. అక్క అత్తగారు. అమ్మ ఎడమచేత్తో ఫోన్ ఎత్తింది. నేను స్పీకరు నొక్కాను.

"వదినా, సకినాలు ఎవరు సుట్టిన్రు?"

అమ్మ, "నా చెయ్యి బెణికింది వదినా... మా ఆయన సుట్టిండు" అంది.

 అటువైపు నుంచి గట్టిగా నవ్వు వినబడింది. "గదే అనుకున్న! మూత తీయొద్దనే అనుకున్న వదినా, నీ బిడ్డే తీసింది. సూడంగనే, మా అమ్మ గిట్ల సుట్టది, గివి మా బాపు సేతియి అని గుర్తువట్టి ఒకటే ఏడ్సుడు, ఒకటే తినుడు. నేను గూడ ఒకటి తిన్న. జర మందంగున్నయ్ గానీ రుచి మస్తుంది. మీ అన్నకు తీస్కపోయి సూపెట్టిన. బిడ్డ కోసం తండ్రి సకినాలు సుట్టిండు, నువ్వు నా మూడు కాన్పులల్ల ఒక్క చెంబు నీళ్లన్న అందిచ్చినవా అని అడిగిన. మనిషి అప్పటిసంది పెరట్ల కూసున్నడు, లోపటికే వస్తలేడు!"

అమ్మ నవ్వుతూ ఏడ్చింది. బాపు కళ్లజోడు తుడుచుకోవడానికి వాకిట్లోకి పోయాడు. ఎదురు మిద్దె మీద నుంచి పెద్దమ్మ, "ఏమన్నరు? ఏమన్నరే?" అని అరుస్తుంటే, నేను గేటు ఎక్కి గల్లీ అంతా వినబడేలా చెప్పాను.

ఆ సంతోషంలో నా డబ్బా తెరిచాం. ఇప్పుడిక ఎంగిలి భయం లేదు. ముగ్గురం తలా ఒకటి తీసుకున్నాం. నమిలాం. అమ్మ ఆగింది. నేనూ ఆగాను. నువ్వులున్నాయి, వాముంది, కరకర ఉంది. ఉప్పు లేదు. చిటికెడు కూడా లేదు! నేను పరుగెత్తి నా కాగితం తెచ్చి చూశాను. అన్నింటికీ టిక్కులున్నాయి, ఉప్పు ఆ కాగితం మీదే లేదు. ఉప్పు ఎంత అని అడిగితే అమ్మ "తగినంత" అంది. కొలత లేనిదాన్ని ఎలా రాయాలో తెలియక, నేను రాసుకోలేదు. అమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. ఆ పది రోజుల్లో ఆమె అలా నవ్వడం అదే మొదలు. నా డబ్బా ఘట్‌కేసర్ పోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ముచ్చెమటలు పోశాయి.

మర్నాడే మళ్లీ పనిలో చేరి బోల్టులు కొలవడం మొదలుపెట్టాను. ఆ నూట ఒకటిలో మిగిలినవి మాత్రం ఎవరూ ముట్టలేదు, ఒక్క బాపు తప్ప. రోజూ పొద్దున చాయ్‌తో రెండు తిని నాచారం బయల్దేరేవాడు. "ఉప్పు లేదు కద బాపూ, ఎందుకు తింటున్నవ్?" అంటే, "నాకు బీపీ ఉందిరా, ఉప్పు లేనియే మంచిగ" అనేవాడు. నేను నమ్మాను. బాపుకు బీపీ ఎప్పుడొచ్చిందా అని కంపెనీలో కూడా దిగులుపడి, వారం తర్వాత బలవంతంగా దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు పట్టీ చుట్టి చూసి, ఈయనకు బీపీ ఏంది, గుర్రంలా ఉన్నాడు అన్నాడు. బయటికొచ్చాక కూడా, "మరి ఎందుకన్నవ్ బాపూ?" అని అడిగానే తప్ప నాకు తట్టలేదు చూడండి. బాపు నా భుజం మీద చెయ్యి వేసి, "నడువ్, చాయ్ తాగుదం" అన్నాడు. ప్రపంచంలో ప్రతిదాన్నీ కొలవగలనని నమ్మిన ఆ పిలగాడు తలపుకొస్తే నాకిప్పటికీ నవ్వాగదు.