దేవుని ఇంటికి మందు

మట్టితో మనిషిని చేసి, ఆ మనిషి కట్టుకున్న చిన్న కప్పు కిందికి కూడా దిగివచ్చే దేవునికి స్తోత్రం.

నేను నంద్యాల దగ్గర ఒక రెడీమిక్స్ ప్లాంటులో కాంక్రీటు పరీక్షలు చూస్తాను. ఎండాకాలంలో దూరం పోయే కాంక్రీటు దారిలోనే గట్టిపడకుండా నీళ్లతో పాటు ఒక ద్రావణం కలుపుతాం. డ్రైవర్లు, మేస్త్రీలు దాన్ని మందు అనే అంటారు.

ఆళ్లగడ్డలో మా సంఘం ఏళ్లుగా రేకుల కింద కూడుకునేది. వాన పడితే వాక్యం వినపడేది కాదు. సంఘపెద్ద మా నాయనే. ఆయనకు గొంతులో జబ్బు చేసి మాట బొంగురుపోయింది. మాట పూర్తిగా పోకముందే స్లాబు కింద ఒక్క ఆదివారం ప్రార్థన చేయాలని ఆయన ఆశ.

కొత్త మందిరానికి స్లాబు పోసే ముందురోజు నేను ఫోన్లో "ఎండ ముదిరింది, మందు సరిచూసి వేయండి" అంటుంటే విన్నాడు. ఆయన తాగుడు మానేసి బాప్తిస్మం తీసుకున్న మనిషి.

"ఏంది మే, దేవుని ఇంట్లో మందు పోస్తాండారా?"

"ఆ మందు కాదు నాయనా. కాంక్రీటు బేగా బిగుసుకోకుండా వేసేది."

"పేరు అదే గదా. ఆ పేరుదాన్ని నా ఇంటికే రానీలే, ఆయనింటికి రానిస్తానా?"

"అది లేకుంటే శిరివెళ్ల కాడికే బండిలో బండైతాది. నువ్వు మళ్లీ రేకుల కిందనే."

"బిగుసుకోకుండా ఆపుతాదా?"

"కొంచేపు."

"అట్లయితే మన కోశాధికారికి గూడా ఒక డబ్బా తీసుకురా. ఆయప్ప చెయ్యి ఎప్పుడూ బిగుసుకొనే ఉంటాది."

మరునాడు బండ్లు వరసగా వచ్చాయి. ఎక్కడా అతుకు పడకుండా సాయంత్రానికి స్లాబు పూర్తయింది. కానీ అది గట్టిపడేదాకా మోయడానికి కింద నిలబెట్టిన సెంట్రింగ్ కొన్ని వారాల దాకా తీయకూడదు. నాయన రోజూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగేవాడు.

"ఇంగా ఎన్నాళ్లప్పా?" అని మేస్త్రీని అడిగేవాడు.

"తొందరపడితే కాదు పెద్దాయనా."

"తొందర నాకు లేదప్పా. నా గొంతుకే."

సెంట్రింగ్ విప్పేనాటికి ఆ గొంతు పోయింది. మొదటి ఆదివారం ఆయన లేచి నిలబడ్డాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. సంఘమంతా తలలు వంచి కూర్చుంది, పసిపిల్లలు తప్ప ఎవరూ చప్పుడు చేయలేదు. పెదవులు ఆగాక అందరం ఆమేన్ అన్నాం.

ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆయన లేస్తాడు. నేను తల వంచుకుని, ఆ బొంగురు గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉంటాను. చదివే మీరూ నాతో కలిసి అడగండి: ప్రభువా, మా నాయన ప్రార్థన నీకు వినబడుతూనే ఉంది. ఒక్కసారి మాకూ వినిపించు. ఆమేన్.