పేరు మార్చిన డిస్కు

మొన్న మా మన్సూరాబాద్ ఇంటికి కొత్త కోడలు వచ్చింది. ఆమెదీ మా అమ్మాయిదీ ఒకే పేరు. వంటింట్లోంచి కేకేస్తే ఇద్దరూ పలికి, ఇద్దరూ నవ్వుతారు. పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆ నవ్వు వింటుంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో నేను ఊడ్చి తుడిచిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ గుర్తుకొచ్చింది.

మన కాలంలో ఇలా కాదు కదా. మా అత్తదీ నాదీ ఒకే పేరు కావడంతో, నల్లగొండ పక్క పల్లెలో అత్తవారి గడప దాటిన రోజే నా పేరు తీసేసి ఇంకొకటి పెట్టారు. అప్పటి నుంచి పాత పేరుతో పిలిచింది మా అమ్మ ఒక్కతే.

తెలంగాణ కోసం బందులు జరుగుతున్న రోజుల్లో బస్సులు నడవక విద్యార్థులు వచ్చేవారు కాదు, నేను మాత్రం నడిచిపోయి సగం షట్టరెత్తి గదులు ఊడ్చేదాన్ని. అక్కడ పాఠాలు చెప్పే మేడం, మా జిల్లా పిల్లే, ఊరికే కూర్చోలేక నాకు బోర్డు మీద అక్షరాలు దిద్దించింది. కంటి ఆపరేషనుకని నా దగ్గరికి వచ్చిన అమ్మను ఒకరోజు వెంట తీసుకుపోతే, ఆమె చేత బతుకమ్మ పాట పాడించి కంప్యూటర్‌లో దాచింది. పాట మధ్యలో అమ్మ ఆగి, నన్ను పాత పేరుతో పిలిచి మంచినీళ్ళు అడిగింది; అదీ అందులో పడింది. ఆ ఏడే అమ్మ పోయింది.

తర్వాత ఆ కంప్యూటర్ చెడిపోయింది. దాని డిస్కు విప్పి పక్కదానికి తగిలిస్తే తెరుచుకోలేదు. అన్నిట్లోనూ ఒకే తీరుగా లినక్స్ ఎక్కించారట, రెండు డిస్కుల్లోని వాల్యూములకూ, అంటే లోపల అన్నీ దాచే అరలకూ, ఒకే పేరట; ఏది ఏదో కంప్యూటర్‌కు తేలడం లేదట. అమ్మ గొంతు అందులోనే ఉంది.

కొత్త బ్యాచి తొందరలో ఉన్న, మేడంతో పాటు అక్కడే పాఠాలు చెప్పే విజయవాడ సారు, "రెండూ ఒకే పేరుతో కూర్చుంటే అది మాత్రం ఏం చేస్తుందండీ! చెరిపేసి మళ్ళీ ఎక్కించేద్దాం," అన్నాడు.

"జర ఆగుండ్రి సార్, గీ అక్కోల్ల అమ్మ గొంతున్నది దాంట్ల," అని మేడం నా వైపు తిరిగింది. "పరేషాన్ గాకు అక్కా. కొత్తగ ఒచ్చిన దాని పేరు మారుస్త, గంతే."

"పాపం, ఎక్కడైనా కొత్తగా వచ్చిందే సర్దుకోవాలన్నమాట," అని సారు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"పేరు మారిస్తే లోపలిది పోదా మేడం?"

"ఎందుకు పోతదక్కా? పేరు పైపైకే. లోపల ఒక పొడుగాటి నంబరుంటది, అది ఏ రెంటికీ ఒకటే ఉండది. దాన్ని పట్టుకొనే పేరు మార్చుడు."

నాకు అర్థమైనట్టే ఉండి అర్థం కాలేదు. నా పేరు మార్చిన నాడు నా లోపల ఏం పట్టుకున్నారో, ఏం మిగిల్చారో ఎవరినీ అడగలేదు.

ఆమె ఏదో కొట్టింది, డిస్కు తెరుచుకుంది. పాట మొదలైంది, ఆగింది, అమ్మ నన్ను పిలిచింది. "ఆఁ, తెస్తున్ననే," అంటూ నేను నీళ్ళ కుండ దాకా వెళ్ళి, గ్లాసు ముంచాక గాని ఆగలేదు. వెనక ఎవరూ నవ్వలేదు.

ఆ పాట ఇప్పుడు నా ఫోనులో ఉంది. సంతకం నేర్చుకున్న నాడు ఏ పేరు రాయాలో తేలక, రేషన్ కార్డులో ఉన్న, అత్తవారు పెట్టిన పేరే రాశాను, ఇప్పటికీ అదే రాస్తాను. వంటింట్లో ఇద్దరు పిల్లలూ ఒకే పిలుపుకు పలుకుతుంటే ముచ్చటేస్తుంది. నా పాత పేరుకు పలకడానికి నేనింకా ఉన్నాను. పిలిచేది మాత్రం ఆ ఫోనొక్కటే.