పెద్దమ్మ గ్యాసు తొట్టిలో నా బాక్టీరియా

ఆ రోజుల్లో, అంటే ఎనభైలు మొదలైన కొత్తల్లో, అనంతపురంలో ఎమ్మెస్సీ ప్యాసై పరిశోధనలో చేరిన ప్రతివాడికీ కరువును తానే తీర్చబోతున్నానని నమ్మకం. నాకు మరీ ఎక్కువ. మా గైడుగారికి (ఆవు ఎదురైనా ఆయనకు దాని పొట్టలోని సూక్ష్మజీవులే కనపడేవి) ఒక ఆలోచన వచ్చింది. జనం పశువులను అమ్ముకున్నారు, పేడ లేక గోబర్ గ్యాసు తొట్లు మూలపడ్డాయి, ఎక్కడ చూసినా మిగిలింది శెనక్కాయ పొట్టే. ఆవు పొట్టలోంచి తీసిన బాక్టీరియాకు అతినీలలోహిత కాంతి చూపించి, చావగా మిగిలినవాటిలో పొట్టును కరిగించే ఎంజైమును ఎక్కువగా చేసేవాటిని ఏరితే, ఇక పేడతో పనిలేదు. రెండేళ్లు ఏరాను. ల్యాబులో గాజు పలకల మీద అవి బ్రహ్మాండంగా పనిచేశాయి. గాజు పలక మీద ఏదైనా పనిచేస్తుందని చెప్పేవాళ్లు అప్పుడు లేకపోయారు.

ఫెలోషిప్పు కమిటీ వచ్చి, పల్లెలో పొట్టు గ్యాసుతో మంట వెలగడం చూస్తేనే నా ఫెలోషిప్పు పొడిగిస్తారు. లేకపోతే కదిరిలో శెనక్కాయ మిల్లులో గుమాస్తాగిరీ (మా నాయన అప్పటికే మాట్లాడి పెట్టేశాడు). కదిరి దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ ఇంటి వెనక అలా మూలపడ్డ గ్యాసు తొట్టి ఉండేది. నాలుగు సీసాల బాక్టీరియా, పది మూటల పొట్టు అక్కడ దింపి, పొయ్యి ఊదుకుంటూ కళ్లు తుడుచుకుంటున్న ఆవిడకు అరగంట ఉపన్యాసం ఇచ్చాను.

"పేడ ముట్టద్దు పెద్దమ్మా. పేడ కాలం అయిపోయింది."

"పొట్టుకు గ్యాసు యాడొస్తాదిరా?"

"ఎంజైము ఉండాది గదా."

"ఉంటే ఉండనీలే" అని మళ్లీ పొయ్యి ఊదుకుంది. పాపం, చదువుకోనిది అనుకున్నాను.

నెల తర్వాత కమిటీని జీపులో వెంటబెట్టుకుని వెళ్లాను. తొట్టి మీద ఇనుప డ్రమ్ము గ్యాసు నిండి ఇంతెత్తున తేలి ఉంది. పెద్దమ్మ అగ్గిపుల్ల గీసింది, నీలి మంట లేచింది, దాని మీదే అందరికీ కాఫీ కాచింది. కమిటీ పెద్దాయన గ్లాసు అందుకుంటూ, "పేడ వేయలేదు కదమ్మా?" అని అడిగారు. పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసింది.

"మావాడు చెప్పినట్లే చేసినా సార్. కాఫీ సల్లారిపోతాది, తాగండి."

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. నులక మంచం మీద కూర్చుని, ఎంజైములను నేనే కన్నట్టు గంటసేపు మాట్లాడాను.

జీపు వెళ్లిపోయాక ఆవిడ చెప్పింది. "నీ పొట్టంతా పైకి తేలి తెట్టు కట్టిందిరా. వారం దినాలు చూసినా, ఏమీ రాలా. ఇంటికి పెద్దోళ్లు వస్తాంటే పొయ్యి ఎలిగించకుండా పంపిస్తారా? గొడ్లు మిగిలిన మూడిండ్లు తిరిగి దినామూ పేడ ఎత్తుకొచ్చి కలిపినా."

"నా బాక్టీరియా?"

"పోసినాలేప్పా. సీసాలు బాగుండాయి, ఊరగాయ పెట్టుకున్యా."

నేను ఎవరికీ చెప్పలేదు. ఫెలోషిప్పు పొడిగించారు, డాక్టరేటూ వచ్చింది. థీసిస్ మొదట్లో ల్యాబు దీపం బాగుచేసిన ఎలక్ట్రీషియనుకు కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఎండలో నెత్తిన పేడగంప మోసిన మనిషి పేరు మాత్రం అందులో లేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఈమధ్య పరిశోధన చేసే కుర్రవాళ్లు ఎంజైముల జన్యువులనే మార్చేసి, నిటారుగా పైకి లేచిన గ్రాఫులు నా ముందు పెడుతుంటారు. "పేడ ఎవరు మోశారు నాయనా?" అని అడగాలనిపిస్తుంది. అడగను, నాలో నేనే నవ్వుకుంటాను. నా థీసిస్ ఇంకా లైబ్రరీలోనే ఉంది కదా.