ఖాళీ షెడ్డులో మేత చప్పుడు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఊరికే అంటున్న మాట కాదిది. మా అమ్మ పోయాక నెలల తరబడి ఎదురుచూశాను. ఊరిగాంలో మాది పాత బంగారు గనుల కంపెనీ క్వార్టర్సు, రెండు గదులే. అమ్మ కూర్చునే చోటు, పొయ్యి దగ్గర నిలబడే మూల, చీర ఆరేసే తీగ, అన్నీ కళ్ళెదుటే ఉండేవి. ఏదైనా కదులుతుందేమో, ఏదైనా వినపడుతుందేమో అని చూశాను. ఏమీ లేదు. దయ్యాలంటూ ఉంటే మా అమ్మ రాకుండా ఉండేది కాదు. కాబట్టి లేవని తేల్చుకున్నాను.

అమ్మకు మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ల్యాబ్ రిపోర్టులో యాంటీబయాటిక్‌ల పేర్లు వరసగా ఉన్నాయి. ప్రతి పేరు ఎదురుగా ఒకటే మాట, ఈ మందుకు లొంగదు అని. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివినదాన్ని. ఆ కాగితం ఎవరూ వివరించకుండానే అర్థమైంది. అప్పుడూ ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయి అలాగే ఉండిపోయింది.

అలాంటి మందులకు లొంగని బ్యాక్టీరియా మీదే పీహెచ్‌డీ సీటు ఒకటి మా జిల్లాలో ఉందని నా క్లాస్‌మేట్ ఎస్తర్ చెప్పి, దగ్గర కూర్చుని అప్లికేషన్ పెట్టించింది. ఇంటర్వ్యూలో ఈ విషయమే ఎందుకని అడిగారు. "ప్రపంచానికి పెద్ద సమస్య సార్" అన్నాను. అమ్మ సంగతి నోటికి రాలేదు. సీటు వచ్చింది.

మా గైడ్ నాకు పట్టుపురుగుల పని ఇచ్చారు. మా వైపు వీటిని పెంచేవాళ్ళు ఎక్కువ. పురుగుకు సప్పరోగం తగిలితే మేత మానేసి, మెత్తబడి, నల్లగా మారి చస్తుంది. కొందరు రైతులు మనుషులు మింగే క్యాప్సూల్ విప్పి, ఆ పొడి నీళ్ళలో కలిపి ఆకు మీద చల్లుతారు. మొదట్లో పనిచేసినట్టే ఉంటుంది. తర్వాత పనిచేయదు. అలా మిగిలిపోతున్న బ్యాక్టీరియా ఏవో పట్టుకోవడం నా పరిశోధన.

అట్లా బైరకూరు వైపు ఒక పల్లెలో రత్నక్క షెడ్డుకు వెళ్ళాను. ఆమెకు వరసగా రెండు పంటలు పోయాయి. రెండూ సప్పరోగమే. షెడ్డంతా బ్లీచింగు కొట్టి, సున్నం చల్లి, మూసేశారు. లోపల రోగం ఇంకా ఉందా పోయిందా అని చూడడానికి నేను దూది పుల్లలతో తుడిచి స్వాబ్‌లు తీసుకోవాలి.

ఆమె భర్త మునివెంకటప్ప గేటు దగ్గరే నా సంచీ చూసి నవ్వాడు. "పురుగులకి కూడా డాక్టర్లు వచ్చేసినారా? సూది వేస్తావా అమ్మా?"

"ముందు నీ నోటికి వేస్తుందిలే" అంది రత్నక్క.

ఆయన నవ్వు ఎంతోసేపు లేదు. మూడో పంట కూడా పోతే మల్బరీ పీకేసి టమేటా పెడతానని అప్పుడే చెప్పేశాడు. ఆయన అటు పోయాక రత్నక్క నాతో అంది, "టమేటా మా ఆయప్పది పాపా. పురుగులు నావి. అవి లేకపోతే నేను పొద్దున్నే వ్యానెక్కి ఫ్యాక్టరీకి పోవల్ల."

పురుగులు పెంచేవాళ్ళు బయటివాళ్ళను షెడ్డులోకి సులభంగా రానివ్వరు. ఆమె కూడా తలుపు దగ్గర ఆపింది. "మీ ఇంట్లో ఏమన్నా మైల ఉండాదా?"

"అమ్మ పోయిందక్కా. ఇంకా ఏడాది కాలేదు."

ఆమె నా ముఖం చూసింది. "పురుగులుండుంటే రానిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఏముండాదని. రా."

అది పట్టపగలు. ఎండాకాలం, మబ్బు జాడ లేదు. కాళ్ళు బ్లీచింగు నీళ్ళలో ముంచి ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. పురుగులు పెంచే స్టాండ్లన్నీ ఖాళీ. ఒక్క స్టాండు మీద మాత్రం మల్బరీ రెమ్మలు పరిచి ఉన్నాయి. వాడిపోయాయి గానీ ఒక్క ఆకూ కొరికినట్టు లేదు. ఖాళీ షెడ్డులో మేత ఎందుకు పరిచారో అర్థం కాలేదు.

మొదటి స్వాబ్ తీస్తుండగా వాన మొదలైంది. అలాగే అనుకున్నాను. రేకుల మీద పడే వాన కాదు, ఆకుల మీద పడే సన్నటి తుంపర. పురుగు పెద్దదయ్యేలోపు నాలుగుసార్లు మేత మాని నిద్రపోయి, పొర విడుస్తుంది. ఆ నిద్రను ఇక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగులన్నీ ఒక్కసారిగా మేస్తుంటే సరిగ్గా ఇలాగే వినిపిస్తుంది. వేరే షెడ్లలో ఎన్నోసార్లు విన్నాను. ఆ శబ్దం విషయంలో నేను పొరపాటు పడను.

స్టాండ్ల కింద చూశాను. పైన రేకుల సందుల్లో చూశాను. ఎలుక లేదు, చెద లేదు. శబ్దం ఒక మూల నుంచి కాదు, షెడ్డంతా ఉంది. భయం వేయలేదు. అప్పట్లో నాకు ఏదీ అనిపించేది కాదు. ఫోను తీసి రికార్డు చేశాను. మిగిలిన స్వాబ్‌లు కూడా తీసుకుని, మూతలు బిగించి, బయటికి వచ్చాను.

రత్నక్క అరుగు మీద కూర్చుని ఉంది. నా వైపు తిరగకుండానే అడిగింది, "నీకూ వినపడిందా?"

తలూపాను.

"ఆయప్పకు వినపడదు. మేత వేళకే వస్తాది. చచ్చినవి ఆకలికి వస్తాండాయేమో అని ఇంత ఆకు పరిచినా. ముట్టవు."

మా ల్యాబ్‌లోనే పనిచేస్తున్న ఎస్తర్‌కు ఆ రికార్డింగు వినిపించాను, ఏమీ చెప్పకుండా. "ఏమే, నీకు మాత్రం వానలో పనా? ఇక్కడ మేం ఉడికిపోతున్నాం" అంది.

స్వాబ్‌లు రుద్ది పెట్టిన ప్లేట్లలో బ్యాక్టీరియా ఏదీ పెరగలేదు. ఇంకా రెండు రోజులు ఉంచి చూశాను. ఏమీ లేదు. లెక్క ప్రకారం ఆ షెడ్డు శుభ్రంగా ఉంది.

రత్నక్కకు ఫోన్ చేసి అదే చెప్పాను.

"ప్లేట్లు సరే పాపా. నువ్వేమంటావు? పంట పెట్టేదా, వద్దా?"

చిన్నప్పటి నుంచి ఎవరికీ ఇది చెయ్యి, అది వద్దు అని చెప్పినదాన్ని కాదు. ఇంట్లో కూర ఏం చేయాలని అడిగినా మీ ఇష్టం అనేదాన్నే. షెడ్డులో విన్నదాన్ని బట్టి చెప్పాలా, ప్లేట్లలో చూసినదాన్ని బట్టి చెప్పాలా? తప్పు చెబితే ఆమె ఆకుతోట పోతుంది.

"పెట్టండక్కా. క్యాప్సూల్ మాత్రం వద్దు" అన్నాను.

పిల్ల పురుగులు తెచ్చి పెట్టారని తెలిసింది. ఆ తర్వాత కబురు లేదు. రోజూ డైరీలో పురుగుల వయసు రాసుకునేదాన్ని. మొదటి జ్వరం, రెండు, మూడు. నాలుగో జ్వరం లేచే రోజులు వచ్చాయి. ముందు రెండు పంటలూ పోయింది అప్పుడే. అన్నం ముందు కూర్చుంటే సయించేది కాదు.

ఒక రోజు పొద్దున ఆమె ఫోన్ చేసింది. "ఒకసారి రావల్ల పాపా."

"పురుగులుండాయి కదక్కా, నేను…"

"ఉండాయి. రా."

ఆమె గొంతును బట్టి ఏమీ తెలియలేదు. పంట పోయిందనే అనుకున్నాను. ముళబాగిలు దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాను. గేటు దగ్గర మునివెంకటప్ప లేడు. అప్పుడు నా అనుమానం గట్టిపడింది.

ఆమె మైల మాట ఎత్తకుండా నన్ను లోపలికి తీసుకుపోయింది. స్టాండ్ల నిండా పురుగులు. ఒక్కటీ నల్లబడలేదు, ఒక్కటీ మెత్తబడలేదు. తెల్లగా, వేలంత లావున, తలలెత్తి తింటున్నాయి. మేత అప్పుడే వేసినట్టుంది. మేం చూస్తుండగానే ఆకులు అంచుల నుంచి తరిగిపోతున్నాయి.

చప్పుడు లేదు.

చెవులు మూసుకుపోయాయేమో అనుకున్నాను. బయట కోడి కూసింది, అది వినపడింది. రత్నక్క గాజులు కదిలాయి, అవీ వినపడ్డాయి. ఒక స్టాండు మీదికి వంగి, మేస్తున్న పురుగుల దగ్గర చెవి పెట్టాను. ఏమీ లేదు. ఫోనులో రికార్డు చేశాను. అందులో నా ఊపిరి, ఆ కోడి, అంతే.

"జ్వరం లేచినప్పట్నుంచి ఇట్లే" అని గుసగుసగా అంది రత్నక్క. "ఆయప్ప మేదర్ల దగ్గరికి పోయినాడు, గూడు కట్టేదానికి వెదురు చంద్రికలు చాలవని. ఆయప్పకు ఇవి బాగానే వినపడతాండాయంట. నువ్వు చెప్పు, నీకు?"

"లేదక్కా."

ఆమె పక్కకు జారిన ఒక రెమ్మను పురుగుల మీదికి సర్దింది. తర్వాత, నాకు ఓదార్పు చెబుతున్నట్టు అంది:

"చచ్చినవాటిది అనుకున్నాం కదా పాపా. కాదేమో. వీటి చప్పుడే మనం ముందే వినేసినాం."

ఆ పంట చక్కగా గూళ్ళు కట్టింది. మల్బరీ పీకలేదు. తర్వాత పెట్టిన పంట అన్ని పంటల్లాగే చప్పుడు చేస్తూ తిందని, తమ ఇద్దరికీ వినపడిందని రత్నక్క చెప్పింది. ఆ ఒక్క పంటకే అలా ఎందుకు జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు రికార్డింగులూ ఫోనులో ఉన్నాయి. మా గైడ్‌కు చెప్పలేదు. చెబితే, దీనికి ఏ పరీక్ష పెడదామని అడుగుతారు. ఏ పరీక్ష పెట్టాలో నాకు తెలియదు.